నలుగురిని చంపాక అదే ఇంట్లో ఐస్‌క్రీమ్ తిన్నవాడు పిచ్చివాడేనా? (సెతగయా కేసు)

మీరు అడిగింది ఇది: 2000 డిసెంబర్ 30 రాత్రి టోక్యోలోని సెతగయాలో ఇద్దరు చిన్నపిల్లలతో సహా ఒకే కుటుంబంలో నలుగురిని చంపి ఇప్పటికీ దొరకనివాడు, తర్వాత ఆ ఇంట్లోనే ఐస్‌క్రీమ్ తిన్నాడు, కంప్యూటర్ వాడాడు. వాడు మానసిక రోగి కాక ఇంకేమవుతాడు?

నేను కొన్నేళ్లు జైల్లో కౌన్సెలర్‌గా పనిచేశాను. హత్య కేసుల్లో శిక్ష పడినవాళ్లను “ఆ తర్వాత ఏం చేశావు?” అని తప్పకుండా అడిగేదాన్ని. నీళ్లు తాగానండీ, పడుకున్నానండీ అనేవాళ్లు. పొలం గట్టు తగాదాలో సొంత అన్నను చంపిన ఒకతను ఇంటికెళ్లి అన్నం తిన్నాడు. ఊరంతా రాక్షసుడంది. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు మేడమ్ అన్నాడు నాతో. డాక్టర్లు పరీక్షిస్తే మానసిక జబ్బేమీ కనబడలేదు. అందుకే ఐస్‌క్రీమ్ చూసి నేనొక నిర్ణయానికి రాను.

సెతగయాలో వాడు చేసిన పనుల్ని విడదీసి చూడాలి. చేతికి గాయమైతే ఇంట్లో దొరికినవాటితో కట్టు కట్టుకున్నాడు. తెచ్చుకున్న కత్తి విరిగితే ఆ ఇంటి కత్తే అందుకున్నాడు. ఇవి అవసరం కొద్దీ చేసినవి, అంటే చుట్టూ ఏం జరుగుతోందో వాడికి స్పష్టంగా తెలుసు. సొరుగులు లాగి కాగితాలు స్నానాల తొట్టిలో పడేయడం మాత్రం ఏ అవసరానికీ అతకదు. నన్ను ఆపేది అదే. దేనికోసమో వెతికాడా, ఆ కుటుంబం మీద కసి అలా తీర్చుకున్నాడా?

బట్టలు, బ్యాగు, వేలిముద్రలు, రక్తం అన్నీ వదిలిపోయాడు. పట్టుబడాలన్న కోరిక అని కొందరు తేల్చేస్తారు. తన వేలిముద్రలు పోలీసుల దగ్గర లేవన్న ధీమా కూడా కావచ్చు కదా. రక్తమంటిన బట్టలతో వీధిలోకి వెళ్లడం కన్నా విప్పి పారేయడమే మేలనుకుని ఉండొచ్చు.

కంప్యూటర్ సంగతి ఇంకా ముఖ్యం. అది రాత్రి ఒంటిగంట దాటాక ఒకసారి, మర్నాడు పొద్దున 10 దాటాక మరోసారి ఇంటర్నెట్‌కు కనెక్ట్ అయింది. దాంతో వాడు తెల్లారేదాకా అక్కడే తాపీగా గడిపాడన్న బొమ్మ అందరి మనసుల్లో పడిపోయింది. కానీ ఆ రెండోది, పక్కింట్లో ఉండే అమ్మమ్మ వచ్చి శవాలను చూసిన సమయంలో మౌస్ కదిలి జరిగి ఉండొచ్చని తర్వాత అన్నారు. అదే నిజమైతే ఆ తాపీ మనిషి సగం మాయమైపోతాడు. టైమ్ తేలకుండా మనస్తత్వం గురించి ఏం చెప్పినా ఊహే.

ఇంకొకటి, ఇది నాకు బాధ కలిగించే విషయం. ఘోరం కనబడగానే “మెంటల్” అనేస్తాం. చికిత్స తీసుకుంటున్నవాళ్లు, వాళ్ల ఇళ్లవాళ్లు ఆ మాట వింటూ బతుకుతున్నారు. మన చట్టం కూడా (అప్పటి భారత శిక్షాస్మృతి ఐపీసీలో సెక్షన్ 84, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత బీఎన్ఎస్‌లో సెక్షన్ 22) పని ఎంత వింతగా ఉందని చూడదు. చేసేటప్పుడు ఏం చేస్తున్నాడో, అది తప్పో కాదో తెలుసుకునే స్థితి మనిషికి ఉందా లేదా అని చూస్తుంది.

నేనైతే వాడి జబ్బు పేరు వెతకను, ఆ చేతి గాయాన్ని పట్టుకుంటాను. కొత్త సంవత్సరానికి కట్టుతో ఇంటికొచ్చిన మనిషిని ఎవరో ఒకరు చూసే ఉంటారు. జపాన్ 2010లో హత్య కేసులకు కాలపరిమితి ఎత్తేసింది, కాబట్టి వాళ్లు ఇప్పుడు నోరు విప్పినా కేసు నడుస్తుంది.