మయకోవ్‌స్కీ పుట్టింది జులై 7నా, 19నా?

రష్యన్ కవి మయకోవ్‌స్కీ పుట్టినరోజు ఒకచోట జులై 7, ఇంకోచోట 19 అని ఉందనీ, ఏడాది కూడా 1893, 1894 అని రెండు రకాలుగా కనిపిస్తోందనీ, గోడపత్రికలో ఏది వేయాలనీ అడిగారు. టెన్షన్ పడకండి, 1893 జులై 19 అని వేయండి.

రెండూ ఒకే రోజు. అప్పట్లో రష్యాలో జూలియన్ క్యాలెండర్ అనే పాత క్యాలెండర్ నడిచేది, అది మన క్యాలెండర్ కన్నా వెనకబడి ఉండేది. ఆయన పుట్టిన నాటి తేదీకి 12 రోజులు కలిపితే మన తేదీ వస్తుంది. 1900 మార్చి నుంచి మాత్రం తేడా 13 రోజులు. అందుకే 1917 అక్టోబర్ 25 విప్లవం మనకు నవంబర్ 7. ఆ 13 ఇక్కడ కలిపారంటే జులై 20 వచ్చేస్తుంది, జాగ్రత్త! 1918లో క్యాలెండర్ మార్చేశారు కాబట్టి ఆయన చనిపోయిన 1930 ఏప్రిల్ 14కి ఏమీ కలపక్కర్లేదు.

ఏడాది గందరగోళం ఆయన పెట్టిందే. అమ్మ మాటకీ నాన్న సర్వీసు రికార్డుకీ పొత్తు కుదరడం లేదని ఆత్మకథలో తనే రాసుకున్నాడు.

వీలైతే నాన్న సంగతి కూడా రాయండి. జార్జియాలో అటవీశాఖ ఉద్యోగి. కాగితాలు కుడుతుంటే సూది గుచ్చుకుని, రక్తం విషమై 1906లో పోయాడు. అప్పటికి పిల్లవాడికి పన్నెండేళ్లు. ఆ ఏడాదే కుటుంబం మాస్కో చేరింది.