తెర మీద గీత కిందికి ఉంటే రిసీవర్ మంచిదేనా?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. కాకినాడ వైపు తిరిగే ఓడలు తామెవరో, ఎక్కడున్నాయో రేడియోలో చెప్పే ఏఐఎస్ సిగ్నళ్ల కోసం రెండు ఎస్‌డీఆర్ డాంగిళ్లు (కంప్యూటర్‌కి తగిలించే చిన్న రేడియో రిసీవర్లు) కొన్నాను. ఒకటి చవకది, ఒకటి ఖరీదైనది. కంప్యూటర్ తెర మీద ఖరీదైనదాని నాయిస్ గీత (సిగ్నల్ లేనప్పుడు కనిపించే రొద స్థాయి) బాగా కిందికి ఉంది. దాని సెన్సిటివిటీ, అంటే బలహీన సిగ్నల్‌ని పట్టే శక్తి, అంత ఎక్కువనేనా?

జవాబు: కాదండీ. ఆ గీత చూపే అంకె డీబీఎం (అసలు పవర్‌ను ఒక మిల్లీవాట్‌తో పోల్చే కొలత) కాదు, డాంగిల్‌లో సిగ్నల్‌ని అంకెలుగా మార్చే కన్వర్టర్ పట్టగలిగే గరిష్ఠ స్థాయితో పోల్చిన కొలత. గెయిన్ (సిగ్నల్‌ని పెంచే మోతాదు) తిప్పితే మారిపోతుంది. ఎఫ్‌ఎఫ్‌టీ (సిగ్నల్‌ని ఫ్రీక్వెన్సీలుగా విడగొట్టి తెర మీద చూపే లెక్క) సైజు రెట్టింపు చేసినా గీత 3 డెసిబెల్స్ దిగుతుంది, రిసీవర్ మాత్రం అదే. ఇక కన్వర్టర్ 8 బిట్లా, 12 బిట్లా అన్నది ముఖ్యంగా బలమైన ఎఫ్‌ఎం స్టేషన్ లాంటిది పక్కన ఉంటే తట్టుకునే శక్తికి సంబంధించింది.

అసలు లెక్క ఇది. మామూలు ఉష్ణోగ్రతలో హెర్ట్జ్‌కు మైనస్ 174 డీబీఎం నాయిస్ ఎలాగూ ఉంటుంది. ఏఐఎస్ చానల్ వెడల్పు 25 కిలోహెర్ట్జ్, అంటే హెర్ట్జ్‌కు 25 వేల రెట్లు, డెసిబెల్స్‌లో 44 కాబట్టి, అది కలిపితే మైనస్ 130. రిసీవర్ తన వంతు 6 డెసిబెల్స్ చేరిస్తే మైనస్ 124. డాంగిళ్ల మధ్య తేడా ఆ చివరి 6 దగ్గరే.

సిగ్నల్ జనరేటర్ లేకుండా నేను పోల్చే పద్ధతి చెబుతాను. కేబుల్ టీవీ షాపులో రెండు దారుల స్ప్లిటర్ కొనండి. డిష్‌కి వాడేది వద్దు, అది 950 మెగాహెర్ట్జ్ పైన పనిచేసేది, ఏఐఎస్ ఉండేది 162 దగ్గర. ఒకే యాంటెన్నా రెండింటికీ ఇచ్చి, ఒకే గంటలో ఏది ఎన్ని మెసేజ్‌లు పట్టిందో చూడండి. తర్వాత కేబుళ్లు అటూ ఇటూ మార్చి మళ్లీ చూడండి, లేకపోతే స్ప్లిటర్ తేడాను డాంగిల్ మీద వేసేస్తాం.

రెండూ సమానంగా వస్తే స్ప్లిటర్‌కి ముందు 10 డెసిబెల్స్ అటెన్యుయేటర్ (సిగ్నల్‌ని తగ్గించే ముక్క) పెట్టండి. బయటి నాయిస్ తగ్గి, రిసీవర్ల సొంత నాయిస్ అప్పుడు బయటపడుతుంది. అలా పెడితే తప్ప తేడా రాలేదంటే, మీ ఊళ్లో ఆ ఖరీదు సెన్సిటివిటీకి ఉపయోగపడట్లేదన్నమాట.

యాంటెన్నా తీసి దాని బదులు 50 ఓమ్‌ల టెర్మినేటర్ (బయటి సిగ్నల్ ఏదీ రాకుండా ఇన్‌పుట్‌ని మూసే మూత) పెట్టి కూడా చూడండి. యాంటెన్నా తగిలించగానే గీత 10 డెసిబెల్స్ లేస్తే అడ్డు బయటి నాయిసే. మన కోనసీమలో రొయ్యల చెరువుల మోటార్లు, ఎల్‌ఈడీ బల్బులు, ఉప్పుగాలికి చిటపటలాడే కరెంటు స్తంభాల పింగాణీలు, వీటిలో ఏదైనా కావచ్చు. ముందు ఇంట్లో మెయిన్ ఆపి, ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద చూడండి. మీ ఇంటిది కాదని తేలితే డబ్బు మంచి కేబుల్ మీద, యాంటెన్నాను కొబ్బరి మట్టల పైకి ఎత్తే పైపు మీద పెట్టండి.