బ్లీచింగ్ అంటే తెల్లబరచడమేనా?

సందేహం: పరిశ్రమలకు సంబంధించిన శిక్షణ పుస్తకాలను తెలుగులోకి తెస్తుంటాను. బట్టల మిల్లు, కాగితపు మిల్లు, నూనె శుద్ధి, కేశాలంకరణ, చివరికి పగడపు దిబ్బల పాఠంలో కూడా 'బ్లీచింగ్' అనే మాటే వస్తోంది. నిఘంటువులో 'విరంజనం' అని ఉంది. నాతో పనిచేసేవారు 'తెల్లబరచడం' అని రాయమంటున్నారు. అన్నిటికీ ఒకే మాట సరిపోతుందా? 'చలువ చేయడం' అనే పాత మాట ఇప్పుడు వాడవచ్చా?

సమాధానం: 'తెల్లబరచడం' అన్నిచోట్లా పనికిరాదు. బ్లీచింగ్‌లో జరిగేది రంగు పోవడం. తెలుపు రావడమన్నది కొన్ని వస్తువుల్లో మాత్రమే కనిపించే ఫలితం. నల్లజుట్టును హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో బ్లీచ్ చేస్తే అందులో నలుపునిచ్చే మెలనిన్ అనే పదార్థం కొద్దికొద్దిగా విరిగిపోతుంది. నలుపు ముందు ఎర్రటి గోధుమరంగుకు, తర్వాత నారింజకు, ఆపైన పసుపుకు దిగుతుంది. చాలామంది మధ్యలోనే ఆపించుకుంటారు. వాళ్లకు కావలసింది ఆ రంగే, లేదా దాని మీద వేయించుకోబోయే మరో రంగు. అక్కడ 'జుట్టును తెల్లబరచారు' అని రాస్తే చదివేవారికి నెరిసిన తల గుర్తుకొస్తుంది. వంటనూనెదీ అదే సంగతి. ఎర్రగా ఉండే ముడి పామాయిల్ శుద్ధి అంతా అయ్యాక లేత పసుపుగా తేలుతుంది తప్ప తెల్లబడదు.

'విరంజనం' విషయంలో నిఘంటువు చెప్పింది సరైనదే. 'రంజ్' ధాతువుకు రంగు పట్టడం అని అర్థం. 'వి' చేరితే ఆ పట్టిన రంగు వీడిపోవడం. మనసుకు పట్టిన రంగు వీడితే వచ్చే 'విరక్తి' కూడా ఈ ధాతువు నుంచి పుట్టిందే. కాబట్టి శాస్త్రీయంగా ఈ మాటకు వంక లేదు. రసాయనశాస్త్రం చెప్పేది కూడా దాదాపు ఇదే: రంగు పదార్థపు అణువుల్లో వరసగా ఉండే ద్విబంధాల గొలుసు వల్ల మనకు రంగు కనిపిస్తుంది, ఆ గొలుసు తెగితే రంగు పోతుంది. పాఠ్యపుస్తకంలో 'విరంజనం', 'విరంజనకారి' అని నిస్సంకోచంగా రాయండి. కానీ కాగితపు మిల్లు పాఠంలో 'విరంజనపరచబడిన గుజ్జు' లాంటి కర్మణి ప్రయోగాల జోలికి మాత్రం వెళ్లకండి. 'బ్లీచ్ చేసిన గుజ్జు' అంటే మిల్లులో పనిచేసేవారికి ఒక్క క్షణంలో అర్థమవుతుంది. 'బ్లీచ్' తెలుగు క్రియలతో ఎప్పుడో కలిసిపోయింది, దాన్ని వెళ్లగొట్టాల్సిన అవసరం నాకు కనిపించదు.

'చలువ చేయడం' నాకు చాలా ఇష్టమైన మాట. ఉతకడం, మురికి వదిలించడం, ఎండకు ఆరవేసి తెల్లగా తేల్చడం, అన్నీ అందులో ఇమిడి ఉన్నాయి. 'చలువ బట్టలు', 'చలువ మడతలు' అన్న జంటల్లో అది ఇంకా బతికే ఉంది. చిక్కల్లా ఆ విస్తృతితోనే. మిల్లులో ఈ పనులు వేటికవే వేరు: ముందు నేతకోసం పెట్టిన గంజి తీస్తారు, తర్వాత క్షారంలో ఉడికించి దూదిలోని మైనాన్ని వదిలిస్తారు, ఆ తర్వాతే బ్లీచింగ్. మూడో దశకు మాత్రమే 'చలువ' అని పేరు పెడితే మొదటి రెండూ ఎక్కడికి పోయాయని చదువరి వెతుక్కుంటాడు. అదే చేతిపని గురించో, చరిత్ర గురించో రాస్తున్నప్పుడు ఇంతకన్నా మంచి మాట లేదు. ఒకప్పుడు యూరప్‌లో అవిసెనార బట్టలను క్షారంలో నానబెట్టి, పుల్లటి మజ్జిగలో ముంచి, నెలల తరబడి పచ్చిక మీద ఎండకు పరిచేవారు. ఆ పనిని 'చలువ చేయడం' అని రాయండి, చక్కగా అతుకుతుంది. 1774లో షీలే క్లోరిన్‌ను కనుగొన్నాడు, 1785లో బెర్తొలే దానితో బట్టల రంగు పోగొట్టవచ్చని చూపించాడు, 1799లో చార్లెస్ టెన్నంట్ పొడిసున్నానికి క్లోరిన్ పట్టించి చేసిన పొడికి పేటెంట్ పొందాడు. ఇవాళ మనం బ్లీచింగ్ పౌడర్ అంటున్నది ఆ పొడినే. పచ్చిక బయళ్లు ఖాళీ అయ్యాక జరిగిన పనికి 'బ్లీచింగ్' అనే అనండి.

బట్టల దగ్గరే మరో జాగ్రత్త. బ్లీచ్ చేయని బట్టను మిల్లువాళ్లు 'గ్రే' అంటారు. దాన్ని 'బూడిదరంగు బట్ట' అని అనువదించిన పుస్తకాలు ఉన్నాయి. అది రంగు పేరు కాదు, మగ్గం నుంచి దిగిన ముడిబట్ట. 'కోరా బట్ట' అంటే తెలియనివారు తక్కువ. బట్టల లేబుల్ మీది త్రిభుజం గుర్తులోనూ తేడా ఉంది. ఖాళీ త్రిభుజం ఉంటే ఏ బ్లీచ్ అయినా వాడవచ్చు. లోపల రెండు ఏటవాలు గీతలుంటే క్లోరిన్ లేని బ్లీచ్ మాత్రమే వాడాలి. త్రిభుజాన్ని కొట్టేసి ఉంటే ఏదీ వాడకూడదు. ఈ మూడింటినీ 'విరంజనం' అన్న ఒక్క మాట కింద కలిపేస్తే బట్ట పాడవుతుంది. ఉన్నినీ పట్టునూ క్లోరిన్ రకానికి చెందిన హైపోక్లోరైట్ బ్లీచ్ తినేస్తుంది, వాటికి పెరాక్సైడే తగినది.

కాగితం దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి. చెక్కలో నారలను పట్టి ఉంచే లిగ్నిన్ అనే పదార్థం వల్ల గుజ్జుకు గోధుమరంగు వస్తుంది. రసాయనాలతో ఉడికించిన గుజ్జులో మిగిలిన లిగ్నిన్‌ను బ్లీచింగ్‌తో బయటికి పంపేస్తారు. చెక్కను యంత్రాలతో నూరి చేసిన గుజ్జులో లిగ్నిన్ అక్కడే ఉంటుంది, రంగునిచ్చే భాగం మాత్రమే మారుతుంది. అలాంటి గుజ్జుతో చేసిన దినపత్రిక కొన్నాళ్లు ఎండ తగిలితే పచ్చబడేది అందుకే. కనుక మొదటిదానికి 'లిగ్నిన్ తొలగించడం' అన్నా తప్పు లేదు, రెండోదానికి అంటే మాత్రం తప్పే.

'క్లోరిన్ రహిత' అన్న విశేషణం ఇంకా తికమక పెడుతుంది. క్లోరిన్ వాయువుతో బ్లీచ్ చేసినప్పుడు డయాక్సిన్లు అనే విషపదార్థాలు పుడుతున్నాయని తెలిశాక మిల్లులు రెండు దారులు పట్టాయి. ఒక పద్ధతిలో క్లోరిన్ వాయువును మానేసి క్లోరిన్ డయాక్సైడ్ వాడతారు. మరోదానిలో క్లోరిన్ సమ్మేళనం ఏదీ ఉండదు, ఆక్సిజన్, ఓజోన్, పెరాక్సైడ్‌తోనే పని. రెండింటినీ 'క్లోరిన్ రహితం' అంటే అబద్ధం రాసినట్టే. మొదటిదాన్ని 'క్లోరిన్ వాయువు వాడని' అనీ, రెండోదాన్ని 'క్లోరిన్ ఏ రూపంలోనూ వాడని' అనీ రాయండి. కాస్త పొడవైనా పరవాలేదు.

నూనెకు 'రంగు తీయడం' అన్న మామూలు మాటే నేను ఎంచుకుంటాను. అక్కడ ప్రధానంగా జరిగేది రంగు అణువులు విరగడం కాదు. వేడి నూనెలో ఒక రకం శుద్ధిచేసిన మట్టిని కలుపుతారు, రంగు ఆ మట్టికి అంటుకుని వడపోతలో వెళ్లిపోతుంది. బట్టలకు పెట్టే నీలిమందు అసలు బ్లీచే కాదు. అది పసుపు ఛాయను నీలంతో కప్పుతుంది, ఉన్న రంగును ముట్టుకోదు.

ఇక పగడాలు. వాటిని 'విరంజనం చేశారు' అనడానికి చేసేవారెవరూ లేరు. సముద్రం మామూలు వేసవి వేడిని మించి వారాల తరబడి కాగినప్పుడు, పగడం తనలో ఉండే శైవలాలను, అంటే కంటికి కనిపించనంత చిన్న నాచు జీవులను, వెళ్లగొడుతుంది. దాని రంగులోనూ ఆహారంలోనూ ఎక్కువ భాగం ఆ శైవలాలదే. అవి పోయాక పారదర్శకమైన ఒంటి లోంచి తెల్లటి సున్నపు అస్థిపంజరం కనిపిస్తుంది. పగడం అప్పటికింకా చావలేదు, నీరు త్వరగా చల్లబడితే కోలుకోవచ్చు. జబ్బుపడి రంగు తగ్గినవాళ్లను మనం 'పాలిపోయారు' అంటాం కదా, ఇక్కడా 'పగడాలు పాలిపోవడం' అనే రాయండి. 'తెల్లబోవడం' అని మాత్రం వద్దు, అది ఆశ్చర్యపోవడానికి స్థిరపడిన మాట.

మీ పుస్తకాల్లో భద్రతా సూచనలు కూడా ఉంటాయి కనుక ఒక మాట గట్టిగా చెబుతాను. 'విరంజనకారితో ఆమ్లమును మిశ్రమము చేయరాదు' అని అచ్చువేస్తే, ఆ సీసా చేతిలో పట్టుకున్న మనిషికి అది చేరదు. 'బ్లీచ్‌లో యాసిడ్ కలపకండి, టాయిలెట్ కడిగే ద్రావకం కూడా కలపకండి. విషవాయువు వస్తుంది' అని రాయండి. అమ్మోనియా ఉన్న క్లీనర్లతోనూ కలపకూడదని పక్కనే చేర్చండి.