డిసైడ్‌కు డెసిషన్ అయితే అరైవ్‌కు అరైవల్ ఎందుకు?

ఇంగ్లీషు క్రియ తెలిస్తే దాని నామవాచకాన్నీ విశేషణాన్నీ కట్టే సూత్రం ఒక్కటైనా ఉందా అని అడిగారు. అన్నిటికీ పనికివచ్చేది లేదు. అలాగని మూడు గళ్ల పట్టికను బట్టీ పట్టకండి. అమీర్‌పేటలో ఒక శిక్షణ కేంద్రంలో నేను రెండు నెలలు ఆ పనే చేశాను. తరువాత మాదాపూర్‌లో ఇంటర్వ్యూ. పాత ఉద్యోగం ఎందుకు మానేశారంటే, విసుగెత్తిందని చెప్పబోయి, ‘బోర్డ్’ అనవలసిన చోట నన్ను నేనే ‘బోరింగ్’ అనుకున్నాను. మా ఊళ్లో బోరింగు అంటే చేతిపంపు. ఆ క్షణంలో అదైనా అయి ఉంటే బాగుండేదనిపించింది.

నిజానికి ఆ తేడా తెలుగులో మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. విసిగించే మనిషి వేరు, విసిగిన మనిషి వేరు. మొదటివాడు బోరింగ్, రెండోవాడు బోర్డ్. ఎల్బీనగర్ నుంచి మాదాపూర్ దాకా బస్సులో నిలబడి వెళ్తే ప్రయాణం టైరింగ్, దిగినవాడు టైర్డ్. మనసుకో ఒంటికో ఏదో కలిగించే క్రియలన్నిటికీ దాదాపుగా ఇదే లెక్క.

నామవాచకాలకు వస్తే, మన భాష మాత్రం తిన్నగా ఉందా? కోయడం నుంచి కోత, మేయడం నుంచి మేత. ఆడటం నుంచి మాత్రం ఆట, ఓడటం నుంచి ఓటమి. ‘చదువు’ క్రియా తానే, నామమూ తానే. ఇంగ్లీషులో వాక్, హెల్ప్ అలాంటివి. ఎక్కడ తగిలించినా దాదాపు ఇబ్బంది పెట్టనిది మనకు ‘డం’, వాళ్లకు ‘ఇంగ్’.

మిగిలిన గజిబిజికి కారణం చరిత్ర. గ్రో–గ్రోత్, సింగ్–సాంగ్ ఇంగ్లీషు సొంత సంతానం. 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ను గెలిచాక ఫ్రెంచి మాటలు, వాటి వెంట లాటిన్ మాటలు గుంపులుగా వచ్చి, తమ తోకలను తమతోనే తెచ్చుకున్నాయి. అందుకే వీటిని కుటుంబాలుగా చూస్తే తేలిక. డిసైడ్–డెసిషన్ పక్కన డివైడ్–డివిజన్, ఎక్స్‌ప్లోడ్–ఎక్స్‌ప్లోజన్ కూర్చుంటాయి: చివరి ‘డ’ పోతుంది. పర్మిట్–పర్మిషన్ దగ్గరికి అడ్మిట్–అడ్మిషన్ వస్తుంది. అరైవల్ వెంట రిఫ్యూజల్, అప్రూవల్. ఒక్కో క్రియకు ఇద్దరు పిల్లలు కూడా ఉంటారు: రిసీవ్ నుంచే పెళ్లి రిసెప్షన్, దుకాణం రిసీటు.

చెవికి సంబంధించిన చిక్కు ఒకటుంది. సలహా అనే నామం ‘అడ్వైస్’, సలహా ఇవ్వడం ‘అడ్వైజ్’. ఆ రెండోదాని చివర ఉన్నది తెలుగు ‘జ’ కాదు, ఉర్దూ ‘జిందగీ’లోది. పాతబస్తీ మిత్రుడొకడు పలికి చూపిస్తే కానీ నాకు పట్టుబడలేదు. ప్రూఫ్–ప్రూవ్, బిలీఫ్–బిలీవ్ కూడా ఈ కోవలోవే: నామం చివర గొంతు మోగని శ్వాస, క్రియ చివర గొంతు మోగే నాదం.

ఇక రికార్డ్ లాంటి మాటల్లో అక్షరాలు మారవు, ఒత్తు, అంటే పలికేటప్పుడు బలం పడే చోటు, మారుతుంది: నామానికి ముందు భాగంపై, క్రియకు వెనక భాగంపై. ఆదివారం ఆబిడ్స్ కాలిబాట మీద కొన్న పాత నిఘంటువులో రిఫ్యూజ్ కోసం వెతికితే, అవే అక్షరాలతో ముందు భాగం ఒత్తి పలికే నామం ఒకటి కనిపించింది. దాని అర్థం చెత్త. మా పట్టికలో రిఫ్యూజల్ ఒక్కటే ఉండేది.