గాలి ఫిల్టరు నువ్వే మార్చుకో తల్లీ, ఆ రబ్బరు అంచు దగ్గర మాత్రం తొందరపడకు

అమ్మాయ్,

కారు ఎయిర్ ఫిల్టరు మార్చడం ఇంట్లో అయ్యే పనేనా మామా అని నిన్న అడిగావు కదా. అవుతుంది. పావుగంట పని. దీనికోసం బేతంచెర్ల నుంచి కర్నూలు దాకా వెళ్ళి సర్వీస్ సెంటర్లో సగం రోజు కూర్చోనక్కర్లేదు. కానీ ఫోన్లో అన్నీ చెప్పలేకపోయాను, పైగా ఇందులో ఒక్కచోట పొరపాటు జరిగితే అసలు మార్చకుండా వదిలేసినా బాగుండేదే అనిపిస్తుంది, అందుకే వివరంగా రాస్తున్నా.

ముందు ఆ ఫిల్టరు ఎంత పని చేస్తోందో చూడు. ఒక లీటరు పెట్రోలు సరిగ్గా మండాలంటే దాని బరువుకు 14.7 రెట్లు గాలి కావాలి. అంటే దాదాపు 11 కిలోల గాలి, సుమారు 9 వేల లీటర్లు. మీ మేడ మీద వెయ్యి లీటర్ల నీళ్ళ ట్యాంకు ఉంది కదా, అలాంటివి తొమ్మిది. బడికి వెళ్ళి రావడానికి నీకు రోజుకు రెండు లీటర్లు కాలుతుందనుకుంటే పద్దెనిమిది ట్యాంకుల గాలి, అదీ నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీల మధ్య నుంచి, ముందు లారీ పోతుంటే రోడ్డే కనపడని దుమ్ములోంచి, ఫిల్టరులోని ఆ మడతల కాగితం గుండానే ఇంజిన్ లోపలికి పోవాలి. నాపరాతి పొడి మెత్తనిది, అది మడతలను పూడ్చేస్తుంది అంతే. నాకు భయం మట్టిలో కలిసి వచ్చే సన్న ఇసుకతోనే. ఇసుకలో ఉండే సిలికా ఇంజిన్ లోపలి ఇనుము కన్నా గట్టిది, అది పెట్రోలు మండే సిలిండర్‌లోకి పోయిందంటే పిస్టన్ చుట్టూ ఉండే రింగులను గరుకు కాగితం పెట్టి రుద్దినట్టు రుద్దేస్తుంది.

ఫిల్టరు మారిస్తే మైలేజీ బాగా పెరుగుతుందని మీ స్కూల్లో ఎవరో చెప్పారన్నావు. పాత కార్బురేటర్ బండ్లలో ఆ తేడా కొంత ఉండేది. ఇప్పటి ఇంజెక్షన్ పెట్రోలు కార్లలో ఎంత గాలి వస్తే దానికి తగ్గ పెట్రోలే కారులోని కంప్యూటర్ పంపిస్తుంది. 2009లో అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల వాళ్ళు కావాలనే ఫిల్టర్లు మూసుకుపోయేలా చేసి పరీక్షించినా కొత్త కార్ల మైలేజీలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు, పికప్ మాత్రం తగ్గింది. కాబట్టి మైలేజీ మీద ఆశ పెట్టుకోకు. నువ్వు ఇది చేసేది ఇంజిన్ పదేళ్ళు ఆరోగ్యంగా ఉండడానికి.

నాకు దీని విలువ డబ్బు పోయాకే తెలిసింది. నా పాత మారుతీ 800కి గుండ్రటి ఫిల్టరు ఉండేది. ఒక షెడ్డులో సర్వీసు చేయించాను. ఆ మెకానిక్ కొత్త ఫిల్టరే వేశాడు, కానీ మూత సరిగ్గా కూర్చోకుండానే బిగించేశాడు, ఒకవైపు అగ్గిపుల్ల దూరేంత సందు ఉండిపోయింది. నేనూ మూత ఎత్తి చూసుకోలేదు. ఏడాది తిరగకుండానే ఆయిల్ తాగడం మొదలుపెట్టింది, పొద్దున స్టార్ట్ చేస్తే నీలం పొగ. విప్పి చూస్తే శుభ్రంగా ఉండాల్సిన వైపు గొట్టంలో ఎర్రమట్టి గీత, వేలితో రాస్తే గరగరమని తగిలింది. రింగులు పోయాయి, ఇంజిన్ మొత్తం విప్పాల్సి వచ్చింది. మురికి ఫిల్టరు ఇంజిన్‌కు ఊపిరి ఆడకుండా చేస్తుంది కానీ దుమ్మును ఆపుతూనే ఉంటుంది. సందు ఉన్న కొత్త ఫిల్టరు దుమ్మును ఆపదు. ఈ ఒక్కటి గుర్తు పెట్టుకుంటే మిగతా పనంతా సులువే.

ఫిల్టరు కొనేటప్పుడు కారు పేరు ఒక్కటే చెప్పకు, ఏ సంవత్సరం బండి, పెట్రోలా డీజిలా అనేదీ చెప్పు, కుదిరితే ఆర్‌సీలో ఉన్న చాసిస్ నంబరు చూపించు. ఇంజిన్ ఎయిర్ ఫిల్టర్ అని స్పష్టంగా అడుగు, ఉత్త ఎయిర్ ఫిల్టర్ అంటే ఒక్కోసారి ఏసీ ఫిల్టరు ఇస్తారు. అది వేరు, మామూలుగా డ్యాష్‌బోర్డులోని గ్లోవ్ బాక్సు వెనక ఉంటుంది. నీ స్విఫ్ట్‌కి మూడు వందలు అటూ ఇటూ అవుతుంది. యాభై తక్కువని పేరు లేని డబ్బా తెచ్చుకోకు, వాటిలో కాగితం కన్నా ముందు, చుట్టూ సందు లేకుండా మూసే రబ్బరు అంచే పాడవుతుంది.

ఇక పని. ఇంజిన్ చల్లారాక, పొద్దున్నే చెయ్యి, గాలి దుమారం ఉన్నప్పుడు వద్దు. బానెట్ ఎత్తితే లావు గొట్టం తగిలించిన నల్ల ప్లాస్టిక్ డబ్బా కనపడుతుంది, అదే. విప్పకముందే ఫోన్లో ఫోటో తీసుకో. డబ్బా మీద, మూత అంచు చుట్టూ పేరుకున్న దుమ్మును తడి గుడ్డతో తుడిచెయ్యి, చాలామంది ఇది చెయ్యరు, మూత ఎత్తగానే ఆ దుమ్మంతా లోపల పడుతుంది. నీ కారుకు క్లిప్పులే ఉన్నాయి, సంక్రాంతికి వచ్చినప్పుడు చూశాను. క్లిప్పును బయటికి లాగి వదులు చెయ్యి, రాకపోతే స్క్రూడ్రైవర్‌తో నెమ్మదిగా ఎత్తు, ప్లాస్టిక్ పాతబడింది కాబట్టి బలం పెడితే విరుగుతుంది. ఎక్కడైనా వైరు అడ్డం వస్తే దాని లాక్ నొక్కి కనెక్టర్ పట్టుకుని తియ్యాలి, వైరు పట్టుకుని లాగకు.

పాత ఫిల్టరు తీసేటప్పుడు ఏ వైపు పైకి ఉందో చూసుకుని, వంచకుండా నిటారుగా పైకి తియ్యి. వెంటనే ఇంజిన్ వైపు వెళ్ళే గొట్టం నోటికి ఒక గుడ్డ అడ్డం పెట్టు. రంగు గుడ్డే పెట్టు, ఎర్ర జాకెట్టు ముక్కలాంటిది, మూత వేసే ముందు కంటికి కొట్టొచ్చినట్టు కనపడాలి. డబ్బా అడుగున ఎండుటాకులు, పురుగులు ఉంటాయి, తడి గుడ్డతో ఎత్తెయ్యి. ఎలుకలు పీచు, దూది తెచ్చిపెట్టినా ఆశ్చర్యపోకు. పాత ఫిల్టరు మడతల్లో ఆయిల్ తడి కనిపిస్తే నాకు ఫోటో పంపు, దాని సంగతి వేరే చూడాలి.

కొత్తది, పాతది పక్కపక్కన పెట్టి పొడవు, వెడల్పు, అంచు మందం సరిపోయాయో చూడు. గాడిలో పెట్టాక నాలుగు వైపులా వేలితో అంచు వెంట రాసుకుంటూ రా, ఎక్కడా రబ్బరు మడత పడకూడదు, పైకి లేవకూడదు. గుడ్డ తీసెయ్యి. మూతకు ఒకవైపు చిన్న కొక్కేలు ఉంటే ముందు అవి వాటి రంధ్రాల్లో కూర్చోవాలి, ఆ తర్వాతే మూత దించి క్లిప్పులు వెయ్యాలి. క్లిప్పు టక్కుమని సులువుగా పడాలి, నొక్కి నొక్కి వెయ్యాల్సి వస్తోందంటే లోపల ఏదో సరిగ్గా కూర్చోలేదు, తీసి మళ్ళీ మొదటి నుంచి పెట్టు. తీసిన వైరు కనెక్టర్ మర్చిపోతే చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది. ఫిల్టరు లేకుండా ఒక్క నిమిషం కూడా ఇంజిన్ ఆన్ చెయ్యొద్దు.

అల్లుడు పంక్చర్ షాపులో కంప్రెషర్ గాలి కొట్టిస్తే పాతదే మళ్ళీ వాడుకోవచ్చు అంటున్నాడట. వద్దని చెప్పు. ఆ ప్రెషర్‌కి కాగితం కంటికి కనపడకుండా చిల్లులు పడుతుంది. మరీ అవసరమైతే బయట నేల మీద మెల్లగా తట్టి దుమ్ము రాల్చుకో, కడగడం మాత్రం ఎప్పుడూ వద్దు. అలాగని నెలకోసారి మార్చడమూ మంచిది కాదు, కొద్దిగా దుమ్ము పట్టిన ఫిల్టరే సన్న దుమ్మును ఇంకా బాగా ఆపుతుంది. మాన్యువల్లో మామూలు రోడ్డుకి ఒక లెక్క, దుమ్ము రోడ్డుకి ఒక లెక్క ఉంటాయి, నువ్వు రెండోదే చూడు. నీ దారికి నేనైతే ప్రతి 5 వేల కిలోమీటర్లకు మూత తీసి చూస్తాను, 15 వేలు దాటనివ్వను.

మూత పెట్టే ముందు ఫిల్టరు రబ్బరు మీద మార్కర్‌తో తేదీ, కిలోమీటర్లు రాసి నాకొక ఫోటో పంపు. ఆదివారం పొద్దున ఆరు నుంచి ఫోన్ దగ్గరే పెట్టుకుంటాను, క్లిప్పులు వేశాక ఒకసారి వీడియో కాల్ చెయ్యి.

మీ మామ