విండోస్ రావట్లేదు, ఫార్మాట్ చేయాలంటున్నారు. లోపలి ఫోటోలు దక్కుతాయా?

మీరు చెప్పినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. కరెంటు పోయి వచ్చాక మీ డెస్క్‌టాప్ ఆన్ అవుతోంది గానీ విండోస్ రావట్లేదు. నల్ల తెర మీద బూట్ డివైస్ దొరకలేదని వస్తోంది. షాపతను ఫార్మాట్ కొట్టాలన్నాడు. పాప పుట్టినప్పటి నుంచి తీసిన ఫోటోలన్నీ అందులోనే ఉన్నాయి.

దయచేసి ఫార్మాట్‌కి ఒప్పుకోకండి. విండోస్ పాడవడం వేరు, ఫైళ్లు పోవడం వేరు. బీరువా తలుపు పట్టేసినంత మాత్రాన లోపలి బట్టలు ఎక్కడికీ పోవు. "డి డ్రైవ్ ముట్టుకోం, సి ఒక్కటే ఫార్మాట్ చేస్తాం" అన్నా వద్దనే చెప్పండి. డెస్క్‌టాప్ మీద పెట్టినవి, డాక్యుమెంట్స్, పిక్చర్స్, డౌన్‌లోడ్స్, ఇవన్నీ మామూలుగా సి డ్రైవ్‌లోనే ఉంటాయి. చాలామందికి ఫార్మాట్ అయ్యాకే ఆ సంగతి తెలుస్తుంది.

మూడేళ్ల క్రితం తెనాలిలో మా నాన్నగారి కంప్యూటర్‌కి ఇదే జరిగింది. ఆయన రిటైరైన తెలుగు మాస్టారు. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో ఏళ్ల తరబడి టైప్ చేసుకున్న వ్యాసాలు, చెల్లి పెళ్లి ఫోటోలు, అమ్మ ఉన్నప్పటి ఆఖరి సంక్రాంతి వీడియోలు, అన్నీ ఒకే 500 జీబీ హార్డ్ డిస్క్‌లో ఉన్నాయి. ఇంకో కాపీ ఎక్కడా లేదు. షాపులో "కొత్త విండోస్ వేస్తాం సార్, అరగంట పని" అన్నారట. నాన్నగారు సరేననబోయి, ఏదో పాస్‌వర్డ్ కోసం నాకు ఫోన్ చేయబట్టి తెలిసింది. కంప్యూటర్‌ని ఇంటికి తెచ్చేయమని చెప్పి, ఆ రాత్రే హైదరాబాద్‌లో రైలెక్కాను.

నేను మొదట చూసింది బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందే వచ్చే కంప్యూటర్ సొంత సెట్టింగుల తెరలో, హార్డ్ డిస్క్ పేరు కనిపిస్తోందా లేదా అని. ఆన్ చేయగానే డిలీట్ గానీ ఎఫ్2 గానీ నొక్కుతూ ఉంటే బయోస్ తెరుచుకుంటుంది. అక్కడ తేదీ కూడా చూడండి. ఎప్పటిదో పాత తేదీ చూపిస్తుంటే మదర్‌బోర్డు మీద ఉండే బిళ్ల బ్యాటరీ, సీఆర్2032, అయిపోయిందని అర్థం. అది అయిపోతే బయోస్ సెట్టింగులు మారిపోయి, డిస్క్ బాగానే ఉన్నా విండోస్ రాకపోవచ్చు. డిస్క్ పేరు అసలు కనిపించకపోతే, ప్లగ్ తీసేసి, క్యాబినెట్ పక్క డోర్ విప్పి, డిస్క్‌కి వెళ్లే రెండు కేబుళ్లూ తీసి గట్టిగా పెట్టండి. వీలైతే వాటిలో డిస్క్‌ని మదర్‌బోర్డుకి కలిపే సాటా కేబుల్ మార్చి చూడండి. వెనక ఏదైనా పెన్‌డ్రైవ్ మర్చిపోయి ఉన్నా తీసేయండి. కొన్నిసార్లు ఇక్కడితోనే సమస్య తీరిపోతుంది.

మా డిస్క్ పేరు కనిపించింది. అప్పుడు సగం టెన్షన్ తగ్గింది.

ఆ తర్వాత చేసిన పని మీకూ పనికొస్తుంది. నా లాప్‌టాప్‌లో లైనక్స్ మింట్ (విండోస్‌ బదులు వాడుకోగల ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) డౌన్‌లోడ్ చేసి, రూఫస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను. అలా చేస్తే పెన్‌డ్రైవ్‌లో అంతకుముందున్నవి పోతాయి కాబట్టి ఖాళీది వాడండి. దాన్ని నాన్నగారి కంప్యూటర్‌కి పెట్టి, ఆన్ చేస్తూ ఎఫ్12 నొక్కితే దేని నుంచి బూట్ అవ్వాలో అడిగింది. కొన్ని కంపెనీల వాటిలో ఎఫ్9, ఎఫ్11 లేదా ఎస్కేప్ ఉంటుంది. పెన్‌డ్రైవ్ ఎంచుకున్నాక కాసేపటికి మామూలు కంప్యూటర్‌లాగే తెర వచ్చింది. హార్డ్ డిస్క్ మీద ఏమీ రాయకుండా, పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తుంది. ఆ తెర మీద 'ఇన్‌స్టాల్' అనే ఐకాన్ ఒకటి ఉంటుంది. దాని జోలికి మాత్రం వెళ్లకండి, దానితో ముందుకెళ్తే ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోవచ్చు.

ఫైళ్లు చూసే విండో తెరిస్తే సి, డి రెండూ కనిపించాయి, కాకపోతే లైనక్స్‌లో ఆ అక్షరాలు ఉండవు, డ్రైవ్ పేరో సైజో చూసి గుర్తుపట్టాలి. సి లోపల యూజర్స్ అనే ఫోల్డర్, అందులో నాన్నగారి పేరు, అందులో అన్నీ. పక్కనే కుర్చీలో కూర్చున్న ఆయన, చెల్లి పెళ్లి ఫోల్డర్ కనబడగానే కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

ఎక్స్‌టర్నల్ డిస్క్ పెట్టి కాపీ మొదలెట్టాను. ఏవి పోతే మళ్లీ రావో అవి ముందు, సినిమాలూ పాటలూ ఆఖరున. వ్యాసాలు వచ్చేశాయి. పెళ్లి ఫోటోల మధ్యలో కాపీ ఆగిపోయింది. డిస్క్ అప్పుడప్పుడు గరగరమంటోంది. మళ్లీ మళ్లీ ప్రయత్నించబోయి ఆగాను. డిస్క్ మీద కొంత భాగం పాడైనప్పుడు అక్కడే పదే పదే చదివిస్తే, ఉన్నది కూడా పోయే ప్రమాదం ఉంది. సాయంత్రం బజారుకెళ్లి 1 టీబీ డిస్క్ కొని, డీడీరెస్క్యూ అనే లైనక్స్ ప్రోగ్రామ్‌తో పాత డిస్క్ మొత్తాన్నీ కొత్తదానిలోకి నకలు తీశాను. అది బాగున్న భాగాలను ముందు చదివేసి, మొండికేసే చోట్లకు తర్వాత తిరిగి వస్తుంది. ఎంతవరకు వచ్చిందో ఒక ఫైల్‌లో రాసుకుంటుంది. అర్ధరాత్రి కరెంటు పోయినా, ఆ ఫైల్ పుణ్యాన ఆగిన చోటి నుంచే మళ్లీ మొదలైంది. మర్నాడు మధ్యాహ్నానికి పూర్తయింది. రెండు ఫోటోలు మాత్రం సగం బూడిద రంగులో వచ్చాయి. మిగతావన్నీ దక్కాయి, అమ్మ వీడియోలతో సహా.

ఇంకో చిన్న విషయం, తెలుగులో డీటీపీ చేసేవాళ్లకు ముఖ్యం. ఆ వ్యాసాలను వేరే కంప్యూటర్‌లో తెరిస్తే అర్థంకాని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు వచ్చాయి. నాన్నగారు హడలిపోయారు. ఫైళ్లు పాడవలేదు, అను ఫాంట్లు యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతి) కావు కాబట్టి ఆ ఫాంట్ లేనిచోట అలాగే కనిపిస్తాయి. విండోస్ ఫోల్డర్‌లోని ఫాంట్స్ కూడా కాపీ చేసుకున్నాక సరిగ్గా వచ్చాయి.

మీరు చేయకూడనివి కూడా చెప్పాలి. డిస్క్‌ని వేరే కంప్యూటర్‌కి పెట్టినప్పుడు "ఫార్మాట్ చేయాలా" అని అడిగితే క్యాన్సిల్ నొక్కండి. కాపీ తీసుకోకముందే చెక్‌డిస్క్ (డిస్క్ తప్పులు సరిచేసే విండోస్ ప్రోగ్రామ్) నడపకండి, అది డిస్క్ మీద మార్పులు చేయవచ్చు. రికవరీ సాఫ్ట్‌వేర్‌ని అదే డిస్క్‌లో ఇన్‌స్టాల్ చేయకండి. డిస్క్ టక్ టక్ మని ఒకే లయలో కొట్టుకుంటుంటే, లేదా కింద పడి ఉంటే, వెంటనే ఆపేసి డేటా రికవరీ ల్యాబ్‌కే ఇవ్వండి. ఖర్చు వేలల్లో ఉంటుంది, కానీ ఆ స్థితిలో ఇంట్లో చేసే ప్రతి ప్రయత్నమూ నష్టమే. ఫ్రీజర్‌లో పెట్టమనే సలహాలు అసలు వినకండి.

డ్రైవ్ తెరిచేటప్పుడు బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) కీ అడిగితే కంగారు పడకండి. విండోస్‌కి వాడిన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి ఫోన్ నుంచి లాగిన్ అయి చూడండి, 48 అంకెల రికవరీ కీ చాలావరకు అక్కడే ఉంటుంది.

ఈ రాత్రికి బయోస్ ఒక్కటి తెరిచి, డిస్క్ పేరు ఉందో లేదో, ఏదైనా శబ్దం వస్తోందో చూసి చెప్పండి. దాన్ని బట్టి పెన్‌డ్రైవ్ పని దగ్గర నుంచి ఒక్కో మెట్టూ వివరంగా రాస్తాను. అప్పటిదాకా కంప్యూటర్‌ని మాటిమాటికీ ఆన్ చేయకండి.