సమాధానం: బండిలో పడుకున్నప్పుడు కూడా కెమెరా చూస్తుందా?

అన్నా, కంపెనీ బండి క్యాబిన్‌లో డ్రైవర్ వైపు పెట్టిన కెమెరా నువ్వు పడుకున్నప్పుడు కూడా చూస్తుందేమో, లెన్స్‌కి టేపు అంటించేద్దామా అని అడిగావు. ఆ టేపు ఆలోచన మానెయ్. మూసిన సంగతి చాలా కెమెరాలు వెంటనే ఆఫీసుకి చెప్పేస్తాయి, తప్పు నీ మీదికొస్తుంది. నిద్రపోయే చోట కెమెరా ఏంటన్న నీ కోపం మాత్రం న్యాయమే. రాత్రిపూట రికార్డవుతుందా అన్నది మోడల్‌నీ సెట్టింగ్‌నీ బట్టి ఉంటుంది. కొన్ని సడన్ బ్రేకు, గుద్దుడు, కునుకు లాంటివి పసిగడితేనే ముందూ వెనకా కొన్ని సెకన్ల క్లిప్ పంపుతాయి. కొన్ని ఇంజన్ ఆపాక కూడా కాసేపు నడుస్తాయి. ఇన్‌ఫ్రారెడ్ (కంటికి కనపడని వెలుతురు) ఉంటే చీకటి అడ్డు కాదు, నల్ల కళ్లద్దాలూ పెద్దగా కాపాడవు.

మేనేజర్‌ని నోటిమాటగా కాదు, రాసి అడుగు: ఇంజన్ ఆగాక ఎంతసేపు ఆన్‌లో ఉంటుంది, మాటలు కూడా రికార్డవుతాయా, క్లిప్ ఎవరు చూస్తారు, ఎన్నాళ్లు ఉంచుతారు? గుద్దింది అవతలివాడైతే అదే క్లిప్ నీకు సాక్ష్యం, కాబట్టి కాపీ నీకూ ఇస్తారేమో అడుగు. డ్యూటీ దిగాక లెన్స్ మూసుకునే అనుమతి కూడా అందులోనే రాయించుకో.